పదిహేడో ఎక్కం, ఒక ఫ్లైఓవర్: మొదటి మారథాన్‌కు సిద్ధమయ్యేవాళ్లతో కొన్ని మాటలు

(ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్న కొత్త రన్నర్లతో ఒక గణిత అధ్యాపకుడు ఏప్రిల్ చివర్లో ఒక శనివారం సాయంత్రం మాట్లాడారు. ఆ ప్రసంగానికి ఇది రాతరూపం.)

అందరికీ నమస్కారం. ఫుల్ మారథాన్, అంటే నలభై రెండు కిలోమీటర్ల చిల్లర, మొదటిసారి పరిగెత్తబోతున్నవాళ్లు చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. ఇప్పుడు ఒంట్లో ఎక్కడో ఒకచోట నొప్పి ఉన్నవాళ్లు ఎత్తండి. (నవ్వులు) చూశారా, దించినవాళ్లు మళ్లీ ఎత్తారు.

నేను కోచ్‌ని కాదు, డాక్టర్ని కాదు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాణ్ని. నలభై నాలుగో ఏట షుగర్ బోర్డర్‌లో ఉందంటే వాకింగ్ మొదలుపెట్టాను. మా ఇల్లు తార్నాక కాబట్టి ఉస్మానియా క్యాంపస్ చెట్ల కింద నడక. ఆ నడక పరుగైంది, పరుగు పిచ్చి అయింది. ఈ పన్నెండేళ్లలో ఫుల్ మారథాన్‌కు ఎనిమిదిసార్లు డబ్బు కట్టాను. స్టార్ట్ లైన్ దగ్గర నిలబడింది ఐదుసార్లు. పూర్తి చేసింది నాలుగు. మిగతా నాలుగూ ఎక్కడ పోయాయో చెప్పమనే నన్ను పిలిచారు. గెలిచినవాళ్ల సలహాలు మీకు ఫోన్లో బోలెడు దొరుకుతాయి.

మొదట పోయినదాని గురించి చెబుతాను. అప్పటికి నా లాంగ్ రన్, అంటే వారానికోసారి చేసే పెద్ద పరుగు, పదహారు కిలోమీటర్లు. ఒక శనివారం రాత్రి గ్రూపులో మెసేజ్ వచ్చింది, రేపు ఇరవై నాలుగు అని. అందరూ "నేనొస్తా, నేనొస్తా" అంటున్నారు. నేనూ బొటనవేలు గుర్తు పెట్టాను. పొద్దున హాయిగా పరిగెత్తాను కూడా. ఊపిరికి ఇబ్బంది లేదు, తొడలకు లేదు. ఇంటికొచ్చి రెండు దోసెలు ఎక్కువ తిన్నాను. ఆ తర్వాత రెండు వారాలకు కుడి ముంగాలి ఎముక మీద, మోకాలికి జానెడు కింద సన్నటి నొప్పి మొదలైంది. కాసేపు పరిగెత్తితే ఉండేది, ఆగితే పోయేది. ఇంకో వారానికి ఆగినా పోలేదు. ఆ తర్వాత రాత్రి నిద్రలో కాలు దుప్పటికి తగిలితే మెలకువ వచ్చేది. నొప్పి మాత్ర వేసుకుని ఇంకో రెండు లాంగ్ రన్లు చేశాను. అంత తెలివి నాది! ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. మూడు రోజులు సంబరపడ్డాను. ఎమ్మారై తీస్తే తేలింది, ఎముకలో వెంట్రుకవాసి చీలిక. దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదట్లో ఇది చాలాసార్లు ఎక్స్‌రేకి దొరకదు. ఎనిమిది వారాలు పరుగు బంద్. మారథాన్ రోజు పొద్దున చేతికర్ర పట్టుకుని నెక్లెస్ రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను.

ఇరవై నాలుగు కొట్టిన రోజున ఊపిరి ఏమీ అనలేదు కదా, మరి ఎముక ఎందుకు అలిగింది? ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లకు నెలలు పడతాయి. ఎముక పద్ధతి మరీ వింత. ఎముకంటే రాయి కాదు, రోజూ తవ్వి మళ్లీ పోసుకునే వస్తువు. బరువు పడిన చోటికి పాత ఎముకను తవ్వే కణాలు ముందు వస్తాయి, కొత్తది పోసే కణాలు వాటి వెనక వస్తాయి. తవ్వడం రెండు మూడు వారాల్లో అయిపోతుంది. పోసి గట్టిపడటానికి నెలలు పడుతుంది. మన వీధిలో సీసీ రోడ్డు వేసేటప్పుడు చూడలేదూ? ముందు ఉన్న రోడ్డు తవ్వేస్తారు, కొన్నాళ్లు అసలు రోడ్డే ఉండదు. ఎముకకూ ఆ కొన్నాళ్లు ఉంటాయి. సరిగ్గా అప్పుడే, ఐదో వారం, ఆరో వారం ప్రాంతంలో మనకు ఊపిరి కుదిరి హుషారు ఎక్కువై లారీ తోలేస్తాం.

వారానికి పది శాతం కంటే పెంచొద్దన్న మాట మీరంతా వినే ఉంటారు. ఎక్కణ్నుంచి వచ్చిందో గానీ అందరూ చెబుతారు. 2008లో నెదర్లాండ్స్‌లో దాన్ని పరీక్షించారు. ఐదొందలకు పైగా కొత్త రన్నర్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మెల్లగా పెంచారు, ఇంకో జట్టుకు మామూలుగా. రెండు జట్లలోనూ సుమారు ఐదుగురిలో ఒకరికి దెబ్బ తగిలింది, తేడా రాలేదు. "చూశావా, పది శాతం అంతా ఉత్తిదే" అని నా మిత్రుడొకాయన ఎగిరి గంతేశాడు. 2025లో డెన్మార్క్ పరిశోధకులు ఐదు వేల రెండొందల మంది రన్నర్ల వాచీల లెక్కలు తీసి ఇంకో కోణంలో చూశారు. వారం మొత్తం ఎంత పెరిగిందన్న దాంట్లో పెద్దగా ఏమీ తేలలేదు. కానీ గత ముప్పై రోజుల్లో చేసిన అతి పెద్ద పరుగు కంటే ఒకే ఒక్క పరుగులో పది శాతం మించి దూకినవాళ్లకు దెబ్బలు ఎక్కువ తగిలాయి. రెట్టింపుకు మించి దూకినవాళ్లకైతే ప్రమాదం రెండింతలకు పైనే. అంటే వారం పాపం తక్కువ, ఆదివారం పాపం ఎక్కువ.

నా పదహారు నుంచి ఇరవై నాలుగు ఎంత దూకుడు? చెప్పండి. యాభై శాతం. లెక్కల మాస్టారు చేసిన లెక్క అది. (నవ్వులు)

ఇప్పటినుంచి రేసుకు సుమారు పద్దెనిమిది వారాలు ఉంది. రేపు లాంగ్ రన్‌లో పన్నెండు కిలోమీటర్లు కొట్టగలిగినవాళ్లు పన్నెండు, పదమూడు, పద్నాలుగు అని వెళ్లి, నాలుగో వారం పదికి దిగండి. మళ్లీ పదిహేను, పదహారున్నర, పద్దెనిమిది, తర్వాత పదమూడుకు దిగాలి. ఇలా మూడు మెట్లెక్కి ఒక మెట్టు దిగుతూ, ఇరవై దాటాక రెండు మెట్లకే ఒకటి దిగుతూ పోతే, పదిహేనో వారానికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదికి చేరతాం. ఆ తర్వాత మూడు వారాలు తగ్గించుకుంటూ రావడమే. ముప్పై రెండు కొట్టకపోతే మారథాన్ పూర్తవదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఇరవై ఎనిమిది కొట్టి ఆరోగ్యంగా స్టార్ట్ లైన్‌కి వచ్చినవాడు, ముప్పై ఐదు కొట్టి మోకాలికి టేపులు చుట్టుకొచ్చినవాడి కంటే వెయ్యి రెట్లు నయం. ఇరవై ఎనిమిది నుంచి నలభై రెండుకు దూకడం కూడా పది శాతం కాదు కదా మాస్టారూ అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, కాదు. అందుకే మారథాన్ తర్వాత మూడు వారాలు బుద్ధిగా ఉండాలి. ఆ సంగతి సెప్టెంబరులో మాట్లాడుకుందాం.

ఇప్పుడు నొప్పి సంగతి. పరిగెత్తేవాడికి ఏదో ఒక నొప్పి ఉంటూనే ఉంటుంది. ఏ నొప్పితో పరిగెత్తవచ్చు, ఏ నొప్పితో ఆగాలి అన్నదే చదువు. నేను వాడే పరీక్ష ఇది. నొప్పి ఎక్కడ అని అడిగితే అరచేత్తో రుద్ది చూపిస్తున్నారా, ఒక్క వేలితో పొడిచి చూపిస్తున్నారా? అరచేయి అయితే చాలావరకు కండరం, దానితో బేరమాడొచ్చు. ఎముక మీద ఒక్క వేలితో రూపాయి బిళ్లంత చోటు చూపించి, అక్కడ నొక్కితే ఎగిరిపడుతున్నారంటే ఆ రోజు నుంచే పరుగు బంద్, డాక్టర్ దగ్గరికి. ఒంటికాలి మీద పదిసార్లు ఎగరండి, గుచ్చుకుంటే అదే జవాబు. రాత్రి పడుకున్నప్పుడు నొప్పి, ఆగండి. నడక మారి కుంటుతున్నారు, ఆగండి. గజ్జల్లో, తొడ మొదట్లో లోపలెక్కడో నొప్పి అంటే అసలు బేరమే లేదు. అక్కడ తొడ ఎముక తుంటిలో కలిసే సన్నటి చోట చీలిక వస్తే, అది విరిగితే ఆపరేషన్ దాకా పోతుంది.

మిగతా నొప్పులకు పదికి మార్కులు వేయండి. పరిగెత్తేటప్పుడు మూడు దాటకపోతే, మర్నాడు పొద్దున మంచం దిగేసరికి మామూలు అయితే, ఆ పరుగు సరిపోయినట్టు. మర్నాటికీ ఉందంటే నిన్నటి పరుగు ఎక్కువైంది. నొప్పి మార్కులు పరుగు రోజున కాదు, మర్నాడు పొద్దున వేయాలి. నాకు ఇది నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది.

ఇక్కడ అమ్మాయిలు చాలామంది ఉన్నారు, ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. ట్రైనింగ్ పెరిగాక నెలసరి ఆగిపోతే, "అబ్బ, హాయిగా ఉంది" అనుకోకండమ్మా. తినేది చాలడం లేదని ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటోందని అర్థం. అప్పుడు ఎముకలు కూడా పలచబడతాయి. డాక్టర్ని కలవండి. మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే మనకు అలా గంట కొట్టి చెప్పే ఏర్పాటు లేదు. బరువు తగ్గడం, మారథాన్‌కు తయారవడం రెండూ ఒకేసారి పెట్టుకోకండి.

రెండో దెబ్బ మడమ వెనక, అకిలీస్ టెండన్. పొద్దున లేచి బాత్రూం దాకా నడిస్తే తొంభై ఏళ్ల ముసలాడిలా ఉండేవాణ్ని. ఈసారి తెలివొచ్చి ఆగాను, నెల రోజులు పూర్తి రెస్ట్. నొప్పి పోయింది. మళ్లీ పరిగెత్తాను, మళ్లీ వచ్చింది. ఇంకో నెల రెస్ట్, మళ్లీ అదే కథ. ఆ ఏడాదంతా అలాగే గడిచిపోయింది. టెండన్‌కు విశ్రాంతి మందు కాదు. విశ్రాంతిలో నొప్పి తగ్గుతుంది గానీ టెండన్ బలహీనమవుతుంది. దానికి పని పెట్టాలి, కానీ మెల్లగా, బరువుగా.

దీని వెనక ఒక కథ ఉంది. స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అని ఎముకల డాక్టరు. ఆయనా రన్నరే, ఆయనకే అకిలీస్ నొప్పి. ఆపరేషన్ చేయమని తన పైఅధికారిని అడిగితే, ఇంత చిన్నదానికి చేయనన్నాడట ఆయన. అయితే పూర్తిగా తెగ్గొట్టుకుంటాను, అప్పుడైనా చేస్తారు కదా అని, బరువు మోస్తూ మడమ కిందికి దించే వ్యాయామం కసిగా చేశాడు. టెండన్ తెగలేదు సరికదా, నొప్పి తగ్గింది! దాన్నే 1998లో ప్రచురించాడు. ఇవాళ ప్రపంచమంతా ఫిజియోలు చెప్పే హీల్ డ్రాప్స్ అవే.

మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడాలి. రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలు ఒక్కదానితో మడమను మెట్టు కిందికి దించాలి, మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేంత మెల్లగా. పదిహేనేసి చొప్పున మూడుసార్లు మోకాలు నిటారుగా పెట్టి, మూడుసార్లు మోకాలు కాస్త వంచి. ఇదంతా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అంటే రోజుకు నూట ఎనభై. పన్నెండు వారాలు. మొత్తం పదిహేను వేల నూట ఇరవై! మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర తెల్లవారుజామున స్కూల్ బ్యాగులో ఐదు కిలోల బియ్యం వేసుకుని రెయిలింగ్ పట్టుకుని దిగుతూ లేస్తూ ఉంటే, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి మూడు రోజులు చూసి నాలుగో రోజు అడిగాడు, "సార్, ఇంట్లోకి రానివ్వట్లేదా?" అని. (నవ్వులు) పన్నెండు వారాలు చేశాను. పదో వారానికి పొద్దున మామూలుగా నడిచాను. ఇప్పటికీ వారానికి మూడు రోజులు చేస్తాను. ఒక్క మాట, నొప్పి సరిగ్గా మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే మెట్టు కిందికి దించకూడదు, నేల మీదే చేయాలి. మీది ఏ రకమో ఫిజియోకి చూపించుకుని మొదలుపెట్టండి.

పొద్దున మొదటి అడుగుకు అరికాలు మడమ దగ్గర సూది గుచ్చినట్టు ఉండేది ప్లాంటార్ ఫేషియైటిస్. దానికీ దాదాపు ఇదే, వేళ్ల కింద టవల్ చుట్ట పెట్టి మడమ లేపడం. మోకాలి బయటివైపు, దిగుడులో నొప్పి వస్తే ఐటీ బ్యాండ్, అంటే తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటి పక్కన ఉండే పట్టీ. దానికి తుంటి పక్క కండరాలు గట్టిపడాలి, కొన్నాళ్లు దిగుడు రోడ్లు మానాలి. ఐస్ పెట్టమంటారా అని అడుగుతారు. దెబ్బ తగిలితే రెస్ట్, ఐస్, బిగుతు కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే సూత్రానికి 1978లో 'రైస్' అని పేరు పెట్టిన గేబ్ మర్కిన్ అనే డాక్టరే, తర్వాత తర్వాత ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు. నొప్పి తగ్గడానికి కాసేపు పెట్టుకోండి, దానివల్ల మానుతుందని మాత్రం అనుకోకండి. పరుగు బంద్ అయిన రోజుల్లో సైకిల్ తొక్కండి, ఈత కొట్టండి. నేను ఆ ఎనిమిది వారాల్లో మంచం మీద పడుకుని పాత మెడల్స్ చూసుకున్నాను, అది మాత్రం చేయకండి.

నొప్పి మాత్రల గురించి రెండే ముక్కలు. పరుగుకు ముందు, పరుగు మధ్యలో వద్దు. ఎండలో, చెమటలో నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీకి రక్తం అసలే తక్కువ వెళ్తుంటుంది, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి దాన్ని ఇంకా తగ్గిస్తాయి. పైగా అవి నొప్పి అనే కాపలా కుక్కకు నిద్రమందు పెడతాయి. దొంగ మాత్రం వస్తాడు.

సరే, దెబ్బల సంగతి అయింది. ఇక పేస్, అంటే కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో పోతున్నామన్న వేగం. నా దృష్టిలో ఇది వేరే విషయం కాదు. పదహారు నుంచి ఇరవై నాలుగుకు దూకించినదీ, రేసులో మొదటి పది కిలోమీటర్లలో తరిమేదీ ఒకటే. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అన్న మాట.

నేను పూర్తి చేసిన మొదటి మారథాన్ వినండి. కిలోమీటరు ఆరు నిమిషాల ఇరవై సెకన్లలో పోవాలని ప్లాన్. ఆ లెక్కన నాలుగు గంటల ఇరవై ఏడు నిమిషాలు అవుతుంది. రేసు మొదలయ్యే పీపుల్స్ ప్లాజా దగ్గర ఇంకా చీకటిగా ఉంది, మైకులో పాటలు, చుట్టూ వేలమంది జనం. ట్రైనింగ్ తగ్గించిన మూడు వారాల వల్ల కాళ్లు కొత్తవి తెచ్చుకున్నట్టు ఉన్నాయి. వాచీ చూస్తే ఐదు ముప్పై, ఐదు నలభై. శ్రమే లేదు! సగం దూరం గంటా యాభై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. నా హాఫ్ మారథాన్ బెస్ట్ కూడా దాదాపు అంతే, అది గమనించే బుర్ర అప్పుడు లేదు. ప్లాన్ కంటే పదహారు నిమిషాలు ముందున్నానని మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

ముప్పై ఒకటి దాటాక మొదట మాట పోయింది. పక్కనున్నాయన ఏదో అడిగితే తల ఊపాను. ముప్పై మూడు దగ్గర గచ్చిబౌలి వైపు ఒక ఫ్లైఓవర్ ఎక్కాలి. బండి మీద వెళ్తే గేరు కూడా మార్చం, అంత చిన్న ఎత్తు. దాని మీద నా కాళ్లు ఆగిపోయాయి. ఆపానని కాదు, అవే ఆగాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎడమ పిక్క చర్మం కింద పాములా కదులుతోంది. వాలంటీర్ పిల్లాడు నారింజ తొన చేతిలో పెట్టి, "అంకుల్, ఇంకా తొమ్మిదే!" అన్నాడు. వాడి ఉద్దేశం మంచిదే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మీలో వాలంటీర్లుగా వచ్చేవాళ్లుంటే దయచేసి కిలోమీటర్లు మాత్రం చెప్పకండి. నడిచి, ఈడ్చి, ఐదు గంటల తొమ్మిది నిమిషాలకు, రేసు ముగిసే గచ్చిబౌలి స్టేడియంలోకి వెళ్లాను. రెండో సగానికి మూడు గంటల పదకొండు నిమిషాలు. లెక్క వేయండి. మొదటి సగంలో పదహారు నిమిషాలు చేబదులు తీసుకున్నాను, రెండో సగంలో యాభై ఏడు నిమిషాలు కట్టాను. ఇంతకంటే మీటర్ వడ్డీ నయం.

ఎందుకిలా అంటే, ఇదీ లెక్కే. మనిషి బరువు ఎన్ని కిలోలో, కిలోమీటరుకు సుమారు అన్ని కేలరీలు ఖర్చు. అరవై కిలోల మనిషికి నలభై రెండు కిలోమీటర్లకు రెండు వేల ఐదొందల చిల్లర. కండరాల్లో, లివర్‌లో గ్లైకోజెన్ రూపంలో దాచుకునేది మహా అయితే రెండు వేలు. మిగతాది కొవ్వు నుంచి రావాలి. కొవ్వుకు కొదవ లేదు, నా పొట్ట చూడండి. కానీ కొవ్వు మెల్లగా కాలే కట్టె. మెల్లగా పోతే కొవ్వు వాటా ఎక్కువ, వేగం పెంచేకొద్దీ గ్లైకోజెన్ వాటా ఎక్కువ. కిలోమీటరుకు నలభై సెకన్లు తొందరపడితే ఖర్చు పెద్దగా మారదు, ఏ జేబులోంచి పోతోందన్నది మారుతుంది. ముప్పై దాటాక ఆ జేబు ఖాళీ.

పెద్ద పెద్ద రన్నర్లకూ ఇది తప్పలేదు. 2022 బెర్లిన్ మారథాన్‌లో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే మొదటి సగం 59 నిమిషాల 51 సెకన్లలో కొట్టి, రెండో సగానికి 61 నిమిషాల 18 సెకన్లు తీసుకున్నాడు. అప్పటికి అదీ ప్రపంచ రికార్డే, రెండు గంటల ఒక నిమిషం తొమ్మిది సెకన్లు. మరుసటి ఏడాది అక్టోబరులో షికాగోలో కెన్యాకే చెందిన కెల్విన్ కిప్టుమ్ మొదటి సగం 60 నిమిషాల 48 సెకన్లు, రెండో సగం 59 నిమిషాల 47 సెకన్లు. సగం దగ్గర చూస్తే కిప్‌చోగే కంటే దాదాపు నిమిషం వెనక. చివరికి 34 సెకన్లు ముందు. పాపం ఆ కుర్రాడు నాలుగు నెలలకే కారు ప్రమాదంలో పోయాడు, ఇరవై నాలుగేళ్లకు.

ఇంకొకటి. ఆ చివరి తొమ్మిది కిలోమీటర్లు ఈడ్చుకుంటూ వెళ్లినప్పుడు నా నడక మారిపోయింది. కుడి మడమను కాపాడాలని ఎడమ తుంటి మీద భారం వేశాను. ఆ తుంటి నొప్పి నాలుగు నెలలు వదల్లేదు. పేస్ తప్పితే పోయేది టైమ్ ఒక్కటే కాదు. పాత దెబ్బ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

మరి సరైన వేగం ఎలా తెలుస్తుంది? వాచీని పూర్తిగా నమ్మకండి. చెట్ల కింద, ఫ్లైఓవర్ల కింద, ఎత్తైన బిల్డింగుల పక్కన జీపీఎస్ అబద్ధాలాడుతుంది. ఆగస్టులో మన హైదరాబాద్ గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. డిసెంబరులో హాయిగా అనిపించిన వేగం ఆగస్టులో అదే శ్రమ కాదు. అందుకే నేను ఎక్కం చదువుతాను. పదిహేడో ఎక్కం, పైకి వినపడేలా. పదిహేడు ఆర్లు నూట రెండు, పదిహేడు ఏడులు నూట పంతొమ్మిది, ఇలా చివరిదాకా ఒగర్చకుండా చెప్పగలిగితే అది ఈజీ పరుగు. పదిహేడు ఆర్ల దగ్గర ఊపిరి తెగితే వేగం ఎక్కువ. ఎక్కమే మర్చిపోతే ఆగి నీళ్లు తాగండి. (నవ్వులు) వారంలో ఐదు రోజులు పరిగెత్తితే నాలుగు ఎక్కం పరుగులే ఉండాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వేగం తగ్గినా ఎక్కం మాత్రం అదే ఊపిరిలో సాగాలి. దిగేటప్పుడు పోయిన టైమ్ రాబట్టాలని దూకకండి, దిగుడులోనే తొడలు పచ్చడవుతాయి.

నడవడం సిగ్గు కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరిగెత్తిన జెఫ్ గ్యాలోవే అనే అమెరికా ఆయనే, కొన్ని నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అనే పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేశాడు. కిటుకు ఒక్కటే, అలిసిపోక ముందే, మొదటి కిలోమీటర్ల నుంచే నడవాలి. నీళ్ల టేబుల్ దగ్గర నడవండి. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మనవాళ్లు ఊరికే అనలేదు. అలాగని ప్రతి టేబుల్ దగ్గరా రెండేసి గ్లాసులు లాగించకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది. ప్రధాన కారణం అతిగా తాగడమే. దాహం వేస్తే తాగండి, మధ్య మధ్య ఓఆర్‌ఎస్ తీసుకోండి. గంటకొకసారైనా ఏదో తీపి కడుపులో పడాలి. నాకైతే ఖర్జూరం, అరటిపండు పడతాయి. ఏది పడుతుందో లాంగ్ రన్‌లోనే తేల్చుకోండి. రేసు రోజున కొత్త షూ, కొత్త జెల్, కొత్త బనీను ఏదీ వద్దు.

కిందటిసారి పరిగెత్తిన రేసు చెప్పి ఆపేస్తాను. కిలోమీటరు ఆరు నలభై అనుకున్నాను. మొదటి ఐదు కిలోమీటర్లు ఆరు యాభైలో పోయాను. నాతో బయలుదేరిన నా పాత స్టూడెంట్ ఒకడు "సార్, వెళ్తున్నా" అని దాటిపోయాడు. పోనిచ్చాను. నిజం చెప్పాలంటే కుళ్లుకున్నాను. సగం దూరం రెండు గంటల ఇరవై ఒక్క నిమిషం. ముప్పై మూడు దగ్గర అదే ఫ్లైఓవర్ వచ్చింది. నేను నిలబడి పట్టుకున్న గోడ ఉంది. పదిహేడు తొమ్ములు నూట యాభై మూడు అనుకుంటూ ఎక్కేశాను. దిగాక ఒకడు నడుస్తున్నాడు, చూస్తే మావాడే. రెండో సగం రెండు గంటల పంతొమ్మిది. మొత్తం నాలుగు నలభై. నా జీవితంలో బెస్ట్ టైమ్ అది కాదు. కానీ మర్నాడు పొద్దున మెట్లు మామూలుగా దిగి పాల ప్యాకెట్ తెచ్చుకున్నాను.

ప్రశ్నలు అడగండి.

ఆ అమ్మ ఏదో అంటున్నారు. పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయని అత్తగారు గొడవ చేస్తున్నారా? అందరి ఇళ్లలోనూ ఇదే. అమ్మా, 2017లో చాలా పరిశోధనలను కలిపి లెక్క తీశారు. మనలా సరదాకు పరిగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి అరుగుదల 3.5 శాతం మందికి, కదలకుండా కూర్చునేవాళ్లలో 10 శాతం మందికి ఉంది. పోటీల కోసం ఏళ్ల తరబడి విపరీతంగా పరిగెత్తేవాళ్లలో మాత్రం 13 శాతం. ఇప్పటికే మోకాలికి దెబ్బో ఆపరేషనో అయి ఉంటే డాక్టర్ని అడగండి. లేకపోతే అత్తగారిని కూడా వాకింగ్‌కు తీసుకురండి.

వెనక నీలం టీషర్టు బాబు. పిక్క పట్టేసిందా? రేపు మీ గ్రూపు వాళ్లు ఇరవై కొడుతున్నారా? ఇలా ముందుకు రా. ఎక్కడ నొప్పి, చూపించు. అరచేయి పెట్టాడు, మంచిది. ఒంటికాలి మీద ఎగురు... ఎనిమిది, తొమ్మిది, పది. గుచ్చుకుందా? లేదు. సరే, గత నెల రోజుల్లో నీ పెద్ద పరుగు ఎంత? పన్నెండా? మరి ఇరవై ఎందుకు?

"అందరూ వెళ్తున్నారు సార్."

(నవ్వులు)

రేపు పొద్దున ఐదింటికి ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరికి రా. నాతో పాటు పదమూడు. పిక్క మూడు మార్కులు దాటితే అక్కడినుంచి నడిచి వెనక్కి వచ్చేద్దాం. పదిహేడో ఎక్కం వచ్చా? రాకపోతే రాత్రికి బట్టీ పట్టు.